నీలి వాండా ఆర్కిడ్ పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈశాన్య కొండల్లో పుట్టిన నీలి వాండా గురించి, దాన్ని బతికించుకునే పద్ధతుల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ముందే ఒక మాట. ఇళ్లలో ఈ మొక్క నీళ్లు చాలక చచ్చేదానికంటే గాలి ఆడక, తడి ఆరక చచ్చేదే ఎక్కువ. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

నీలి వాండా అంటే ఏ మొక్క? ఎక్కడ పెరుగుతుంది?

శాస్త్రనామం వాండా సెరూలియా. మేఘాలయలోని ఖాసీ కొండలు, అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం, అస్సాం కొండ ప్రాంతాలు దీని పుట్టిల్లు. అటు మయన్మార్, ఉత్తర థాయ్‌లాండ్, చైనాలోని దక్షిణ యున్నాన్ వరకూ కనిపిస్తుంది. సుమారు 800 నుంచి 1,700 మీటర్ల ఎత్తులో, చెట్లు పలచగా ఉండి ఎండ, గాలి బాగా తగిలే అడవుల్లో కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది.

ఒకే కాండం నిటారుగా పైకి సాగుతుంది. దానికి రెండు వైపులా పట్టీల్లాంటి గట్టి ఆకులు వరసగా ఉంటాయి. ఆకు కొన కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆకు మొదట్లోంచి పూల కాడ వస్తుంది. ఒక్కో కాడకు 5 నుంచి 15 పూలు, ఒక్కో పువ్వు 7 నుంచి 10 సెంటీమీటర్ల వెడల్పు. లేత నీలం మీద ముదురు నీలం గళ్లు. వానలు తగ్గే రోజుల నుంచి చలికాలం మొదటి వరకూ పూస్తుంది. కాడ మీద పూలు నాలుగు నుంచి ఆరు వారాలు నిలుస్తాయి.

చెట్టు మీద పెరుగుతుంది కాబట్టి బదనిక లాంటిదేనా? చెట్టు రసం పీలుస్తుందా?

పీల్చదు. బదనిక వేరు చెట్టు కణజాలంలోకి దిగి నీళ్లు, లవణాలు లాక్కుంటుంది. అది పాక్షిక పరాన్నజీవి. వాండాకు చెట్టు కేవలం ఆసరా. వాన నీళ్లు, పొగమంచు, బెరడు మీద పేరుకున్న దుమ్ము, ఆకుల కుళ్లు, వీటితోనే బతుకుతుంది. వేరు చుట్టూ వెలామెన్ అనే మెత్తటి తెల్లని పొర ఉంటుంది. తడి తగలగానే అది స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. అప్పుడు వేరు వెండి రంగు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. ఈ రంగు మార్పు గుర్తుంచుకోండి, నీళ్లు పెట్టేటప్పుడు మీకు కొలబద్ద ఇదే.

రెండింటినీ ఒకే గాటన కట్టడం కొత్త సంగతి కాదు. వాండా అన్న పేరే సంస్కృతంలోని 'వందా' అన్న మాట నుంచి వచ్చింది. చెట్ల మీద పెరిగే మొక్కలకు వాడిన మాట అది.

ఇంత అందమైన మొక్క ఎందుకు అరుదైపోయింది?

అందమే కారణం. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త విలియం గ్రిఫిత్ 1837లో దీన్ని ఖాసీ కొండల్లో గుర్తించాడు. 1850లో మరో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ అదే కొండల్లో ఏడుగురు మనుషులు మోసేంత మొక్కలు లండన్‌లోని క్యూ తోట కోసం సేకరించాడు. వాటిలో బతికి చేరినవి బహు కొద్ది. చోటు చూసి రమ్మని ఒక పెద్దమనిషి తన తోటమాలిని హుకర్ వెంట పంపాడు. ఆ పెద్దమనిషి పంపించిన ఒక్క మనిషి మోత ఇంగ్లండులో 300 పౌండ్లకు అమ్ముడుపోయింది, అదీ మొక్కలు సగం చచ్చి చేరాక. ఆ ధర వినపడ్డాక సేకరించేవాళ్లు ఆగుతారా? దశాబ్దాల తరబడి చెట్లు కొట్టి మరీ మొక్కలు దింపారు.

తర్వాతి దెబ్బ అడవి నరికివేత. పోడు కోసం, కట్టె కోసం, రోడ్ల కోసం పెద్ద చెట్లు పోయాయి. ముదురు బెరడున్న పాత చెట్టు పోతే దాని మీది మొక్కలన్నీ ఒకేసారి పోతాయి. కొత్త మొక్క రావడం కూడా తేలిక కాదు. ఒక్క కాయలో ధూళి లాంటి విత్తనాలు లక్షల్లో ఉంటాయి గానీ, వాటిలో మొలకకు కావలసిన ఆహార నిల్వ లేదు. సరైన శిలీంధ్రం దొరికిన చోట పడ్డ విత్తనమే మొలుస్తుంది. మిగిలిన మొక్కలు దూరదూరంగా ఉంటే పరాగసంపర్కమే జరగదు. పూల కాడలు కోసి అమ్మేస్తే కాయ అసలే రాదు.

ఇంట్లో పెంచడానికి అనుమతి కావాలా?

అడవి జాతి మొక్కకు కావాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొక్కల రక్షణ 1991 సవరణతో చేరింది. నీలి వాండా అప్పుడు ఆరో షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ తర్వాత మొక్కల జాబితా మూడో షెడ్యూలుకు మారింది. చట్టం చెప్పేది మూడు ముక్కల్లో: అడవి నుంచి పీకకూడదు (సెక్షన్ 17ఎ), లైసెన్సు లేకుండా సాగు చేయకూడదు (17సి), లైసెన్సు ఉన్న అమ్మకందారు దగ్గర తప్ప కొనకూడదు (17జి). లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన మరో అధికారి.

కొనేటప్పుడు అమ్మకందారు లైసెన్సు నకలు, బిల్లు రెండూ అడిగి దాచుకోండి. ఈశాన్య రాష్ట్రాల రోడ్డు పక్క సంతల్లో గుత్తులుగా కట్టి అమ్మే మొక్కల జోలికి వెళ్లకండి. అవి కొమ్మ నుంచి ఊడబీకినవి. వేళ్లు సగానికి తెగి, బెరడు ముక్కలు అంటుకుని ఉంటాయి. చట్టం మాట అలా ఉంచినా, అలాంటి మొక్క మైదానానికి తెస్తే చాలావరకు ఏడాది తిరక్కుండానే పోతుంది.

విదేశాల్లో ఉన్న బంధువులకు పంపొచ్చా?

సూట్‌కేసులో పెట్టి పంపడం నేరం. ఆర్కిడ్ జాతులన్నీ సైటీస్ (అంతరించే ముప్పున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం కిందికి వస్తాయి. నీలి వాండా మొదట దాని ఒకటో అనుబంధంలో ఉండేది. నర్సరీల్లో పెంచిన మొక్కలు మార్కెట్టుకు సరిపడా వస్తున్నాయని 2004 బ్యాంకాక్ సమావేశంలో రెండో అనుబంధానికి మార్చారు. అయినా దేశం దాటాలంటే సైటీస్ పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాల్సిందే. అక్కడున్నవాళ్లు అక్కడి నర్సరీలోనే కొనుక్కోవడం మేలు.

అమ్మేది అసలు నీలి వాండానో, సంకరమో ఎలా తెలుస్తుంది?

పువ్వు చూడాలి. అసలు జాతిలో రెక్కల మధ్య సందులుంటాయి. పక్క రెక్కలు మొదట్లో మెలి తిరిగి వెనక వైపు కనిపించేలా ఉంటాయి. పెదవి రెక్క చిన్నది, ముదురు ఊదా నీలం. పువ్వు గుండ్రంగా, బల్లపరుపుగా, రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గళ్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది వాండా రోత్‌చైల్డియానా గానీ దాని సంతతి గానీ అయి ఉంటుంది. నీలి వాండాను ఫిలిప్పీన్స్‌కు చెందిన వాండా సాండేరియానాతో కలిపితే వచ్చిన ఈ సంకరం 1931లో నమోదైంది. నర్సరీల్లో 'బ్లూ వాండా' అని అమ్మేవాటిలో ఎక్కువ ఈ కుటుంబానివే.

వసంతంలో, రెండు మూడు సెంటీమీటర్ల చిన్న పూలు పూస్తే అది వాండా సెరూలెసెన్స్. పేరు దగ్గరగా ఉన్నా జాతి వేరు. ఇక ముదురు సిరా నీలం రంగులో మెరిసే ఫెలనాప్సిస్ (మరో రకం ఆర్కిడ్) కనిపిస్తే అది కాడలోకి రంగు ఎక్కించిన తెల్ల పువ్వు. మళ్లీ పూసినప్పుడు తెల్లగానే వస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బతుకుతుందా?

మీరెక్కడున్నారన్న దాన్ని బట్టి. అరకు, లంబసింగి, చింతపల్లి వైపు ఎత్తు, చలి రెండూ దీనికి సరిపోతాయి. అక్కడ ఆరుబయటే పెంచొచ్చు.

దీనికి కావలసింది పగలు 20 నుంచి 30 డిగ్రీలు, రాత్రికి కనీసం 8 నుంచి 10 డిగ్రీల తగ్గుదల. చలికాలం రాత్రి 8 డిగ్రీలు కూడా తట్టుకుంటుంది. హైదరాబాద్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం నచ్చుతుంది. ఏప్రిల్, మే నెలల పొడి వేడి గండం. ఆ రెండు నెలలు తూర్పు వైపు నీడలోకి మార్చి, నేల తడిపి, కింద తడి ఇసుక పళ్లాలు పెట్టి, ఫ్యాను తిప్పితే గట్టెక్కుతుంది. విజయవాడ, రాజమండ్రి, నెల్లూరు లాంటి చోట్ల సమస్య పగటి ఎండ కాదు, చల్లబడని రాత్రి. రాత్రంతా ఉక్కపోస్తే మొక్క పగలు కూడబెట్టుకున్నదంతా శ్వాసక్రియకే ఖర్చవుతుంది. ఆకులు వస్తాయి, పూలు రావు, క్రమంగా కుంగుతుంది. కోస్తా మైదానంలో ఉన్నవాళ్లకు అసలు జాతి వద్దనే చెబుతాం. దానికి బదులు ఏం పెంచొచ్చో చివర్లో ఉంది.

ఎంత వెలుతురు కావాలి?

కొండల మీద 30 నుంచి 35 శాతం షేడ్ నెట్ చాలు. మైదానంలో 50 శాతం, మే నెలలో 70 శాతం. ఆకే కొలత. లేత ఆకుపచ్చ, అంచుల్లో కాస్త ఊదా చుక్కలు ఉంటే సరిగ్గా ఉంది. ముదురు పచ్చగా, మెత్తగా వేలాడితే వెలుతురు చాలడం లేదు. మధ్యలో తెల్లబడి ఎండిన మచ్చ వస్తే ఎండ దెబ్బ. ఆ మచ్చ మళ్లీ పచ్చబడదు. నీడలో ఉన్న మొక్కను ఒక్కరోజులో ఎండకు మార్చకండి. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా జరపండి.

మట్టిలో నాటాలా, కుండీలోనా?

మట్టిలో వద్దే వద్దు. చెక్క పట్టీల బుట్టలో, వేళ్లు గాలిలో వేలాడేలా పెంచాలి. పద్ధతి ఇది.

1. 6 అంగుళాల టేకు బుట్ట తీసుకోండి. పెద్ద బుట్ట ఇస్తే త్వరగా పెరుగుతుందన్నది అపోహ.
2. కట్టెబొగ్గు 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలు చేసి, ఒక రోజు నీళ్లలో నానబెట్టి, నల్లటి పొడి పోయేదాకా కడగండి. రాతిబొగ్గు, అచ్చు పోసిన బొగ్గు పనికిరావు.
3. మొక్క వేళ్లను 15 నిమిషాలు నీళ్లలో ఉంచితే మెత్తబడి వంగుతాయి. ఎండిన వేరును అలాగే వంచితే పుటుక్కున విరుగుతుంది.
4. నొక్కితే బోలుగా, మెత్తగా ఉన్న వేళ్లు కత్తిరించండి. బ్లేడును ముందు మంటలో కాల్చి చల్లార్చండి.
5. కాండం మొదలును బుట్ట మధ్యలో నిలబెట్టి, నూలు గుడ్డ పేలికతో రెండు చోట్ల కట్టండి. పేలిక కుళ్లిపోయే లోపు కొత్త వేళ్లు బుట్టను పట్టుకుంటాయి.
6. అటూ ఇటూ నాలుగైదు బొగ్గు ముక్కలు పెట్టండి. బుట్ట నింపకండి. మిగతా వేళ్లను కిందికి వదిలేయండి.

కొబ్బరి పీచు వాడాలా అని చాలామంది అడుగుతారు. హైదరాబాద్ లాంటి పొడి చోట్ల బొగ్గు మధ్య రెండు ముక్కలు ఉపయోగమే. అయితే ముందు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి ఉప్పు వదిలించాలి. కోస్తాలో, కొండల మీద వానాకాలంలో పీచు ఆరదు. వేరు కుళ్లడం అక్కణ్నుంచే మొదలవుతుంది.

నీళ్లు ఎలా, ఎన్నిసార్లు?

వేళ్లన్నీ పచ్చబడేదాకా తడపాలి, ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. సూత్రం ఇంతే. బకెట్టులో వేళ్లు 10 నుంచి 15 నిమిషాలు ముంచడం, లేదా స్ప్రేయరుతో బాగా తడిపి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ తడపడం. ఒకసారి చిలకరించి వదిలేస్తే పైపొర తడుస్తుందే తప్ప నీళ్లు లోపలికి ఇంకవు. రెండోసారి తడపడం అందుకే. ఒకే బకెట్టు నీళ్లలో మొక్కలన్నీ వరసగా ముంచకండి. ఒకదాని తెగులు అన్నిటికీ అంటుకుంటుంది.

ఎండాకాలం రోజుకు రెండుసార్లు, తెల్లవారాక ఒకసారి, సాయంత్రం నాలుగు లోపు ఒకసారి. వానాకాలం రోజుకు ఒకసారి, ముసురు పడితే అసలు వద్దు. చలికాలం పొడి ప్రాంతంలో రోజు విడిచి రోజు, కొండల మీద మూడు నాలుగు రోజులకోసారి. చీకటి పడేసరికి ఆకుల మొదట్లో, మొవ్వులో నీళ్లు నిలిచి ఉండకూడదు.

బోరు నీళ్లు పనికొస్తాయా?

నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలవండి. 150 పీపీఎం లోపు ఉంటే మంచిది, 300 దాటితే వాడకండి. ఉప్పు నీళ్లతో వేరు కొనలు ముందు గోధుమరంగుకు, తర్వాత నలుపుకు తిరిగి ఆగిపోతాయి. వేళ్ల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. డాబా మీది వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే అంతకన్నా మంచి నీళ్లు లేవు. మొదటి వాన మాత్రం డాబా కడగడానికి వదిలేయండి. ఆర్వో యంత్రం నుంచి తాగడానికి వచ్చే నీళ్లు వాడొచ్చు, అది బయటికి వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ కాబట్టి అవి వద్దు.

ఎరువు?

19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న) నీళ్లలో కరిగే ఎరువు, లీటరుకు అర గ్రాము, వారానికి రెండుసార్లు, మార్చి నుంచి అక్టోబరు దాకా. ముందు మామూలు నీళ్లతో వేళ్లు తడిపి, అరగంట ఆగి ఎరువు నీళ్లు ఇవ్వండి. ఎండిన వేరు మీద ఎరువు పడితే కొన మాడుతుంది. పదిహేను రోజులకోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకు అర గ్రాము, అదీ విడిగా. దాన్ని 19-19-19తో ఒకే బకెట్టులో కలిపితే కాల్షియం, ఫాస్ఫేటు కలిసి తెల్లగా అడుగుకు దిగిపోతాయి, రెండూ వృథా. వారంలో ఒకరోజు ఎరువు లేకుండా నీళ్లతో వేళ్లు బాగా కడగాలి. చలికాలం ఎరువు నెలకోసారి చాలు. పేడ నీళ్లు, వర్మీవాష్ పోయకండి, వెలామెన్ పొర పూడుకుపోతుంది.

ఆకులు నిగనిగలాడుతున్నాయి, మూడేళ్లయినా పువ్వు లేదు. ఎందుకు?

వెలుతురు చాలకపోవడం, రాత్రి చల్లదనం లేకపోవడం, నత్రజని ఎక్కువ కావడం. ఇదే వరసలో చూసుకోండి. మొక్క వయసు కూడా చూడాలి. ప్రయోగశాల సీసాలోంచి వచ్చిన పిల్ల మొక్క పూయడానికి మామూలుగా ఐదారేళ్లు పైనే పడుతుంది. సెప్టెంబరు నుంచి రాత్రి చల్లగాలి తగిలే చోట వేలాడదీయండి, ఇంట్లోకి తేకండి.

హుకర్ గమనించింది ఇక్కడ పనికొస్తుంది. ఖాసీ కొండల్లో ఈ మొక్క ఎండలో, ఈదురుగాలిలో, చలిలో, కుండపోత వానలో, ఆ తర్వాత నెలల పొడిలో పెరుగుతుంటే, ఇంగ్లండు తోటమాలులు దాన్ని ఆవిరి నిండిన వేడి గదుల్లో పెట్టి చంపుతున్నారని ఆయన వాపోయాడు. తలుపులు మూసిన బాల్కనీలో, ప్లాస్టిక్ కప్పేసిన గూడులో ఇప్పుడూ జరుగుతున్నది అదే.

పూసిన పువ్వు మొదటిరోజు చిన్నగా, వెలిసినట్టు ఉంటే కంగారు పడకండి. విచ్చుకున్నాక కూడా కొన్ని రోజులు పెరుగుతుంది, రంగు ముదురుతుంది. వేడిలో విచ్చుకుంటే మాత్రం లేత రంగులోనే ఆగిపోతుంది.

మొవ్వు లాగితే ఊడి వచ్చింది. మొక్క పోయినట్టేనా?

మొవ్వు కుళ్లు ఇది. ఆ కాండం ఇక పైకి పెరగదు. కానీ మొక్క పోయినట్టు కాదు. కుళ్లిన భాగాన్ని తెల్లని గట్టి కణజాలం కనిపించేదాకా కోసేయండి. కోతలో గోధుమరంగు చుక్క కనిపించినా ఇంకాస్త కిందికి కోయాలి. ప్రతి కోతకూ బ్లేడు కాల్చండి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దండి. పొడి వేళ్ల మీద పడకూడదు, వాటిని ఎండబెడుతుంది. రెండు మూడు రోజులు నీళ్లు ఆపండి. నల్లగా పాకే కుళ్లయితే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు పిచికారీ చేసి, పది రోజులకు మరోసారి కొట్టండి. చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వేళ్లు బాగుంటే కొన్ని నెలల్లో మొదట్లోంచి పిలక వస్తుంది.

దుర్వాసన వేస్తూ ఆకు నీళ్లకారితే అది బ్యాక్టీరియా. ఒకట్రెండు రోజుల్లో మొక్కంతా పాకుతుంది, చూసిన గంటలోనే కోయాలి. రెండింటికీ మూలం ఒకటే, రాత్రి మొవ్వులో నిలిచిన నీళ్లు.

ఆకులు నిలువునా ముడతలు పడుతున్నాయి. నీళ్లు ఎక్కువా, తక్కువా?

వేళ్లు చూడండి. గట్టిగా, తెల్లగా ఉంటే నీళ్లు చాలడం లేదు, తరచుగా తడపండి. బోలుగా ఉంటే వేళ్లు కుళ్లి, ఎంత పోసినా లోపలికి వెళ్లడం లేదు. అప్పుడు కుళ్లిన వేళ్లు తీసేసి, నీడలో, తేమ ఉన్న చోట వేలాడదీసి కొత్త వేళ్లు వచ్చేదాకా ఎరువు ఆపాలి. అడుగున ఒకటి రెండు ఆకులు ఏడాదికోసారి పండి రాలడం సహజం.

ఏ పురుగులు పడతాయి?

పిండినల్లి, పొలుసు పురుగు ఆకు మొదట్లో దాక్కుంటాయి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, వారం వారం మూడుసార్లు మళ్లీ చూడండి. తామర పురుగులు మొగ్గలోనే రసం పీలుస్తాయి, పువ్వు గోధుమరంగు చారలతో విచ్చుకుంటుంది. వేప నూనె లీటరుకు 3 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు నీళ్లతో, మొగ్గ కనిపించగానే సాయంత్రం పూట కొట్టాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వేరు కొనలు రాత్రికి రాత్రి కొరికేసినట్టు మాయమైతే నత్తల పని. టార్చి వేసి ఏరడమే మందు.

పిలకను ఎప్పుడు విడదీయాలి? కాండం కింద బోసిపోతే?

పిలకకు సొంత వేళ్లు కనీసం మూడు, ఒక్కోటి 5 సెంటీమీటర్లు దాటాక. తొందరలేకపోతే తల్లితోనే ఉంచండి, గుబురుగా పూస్తుంది. కాండం కింద ఆకులు రాలి పొడుగ్గా సాగితే, పైభాగానికి మూడు నాలుగు మంచి వేళ్లుండేలా చూసి, మార్చిలో కోసి వేరే బుట్టలో పెట్టండి. కింది మోడును పారేయకండి, పిలకలు వేస్తుంది.

విత్తనాలతో ఇంట్లో మొక్కలు తయారవుతాయా?

కావు. సూక్ష్మజీవులు లేని గదిలో, పోషకాలు కలిపిన అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద వేయాలి. సీసా మొక్కలు కొంటే, అగార్‌ను గోరువెచ్చని నీళ్లతో పూర్తిగా కడగండి, మిగిలిన చక్కెరకు బూజు పడుతుంది. చిన్న బొగ్గు నలుసులు, కొద్దిపాటి స్ఫాగ్నమ్ నాచులో పది పదిహేను మొక్కలు కలిపి పెట్టి, నెలరోజులు 75 శాతం నీడలో ఉంచండి.

కోస్తా, తెలంగాణ మైదానాల్లో దీనికి బదులు ఏం పెంచొచ్చు?

మన సొంత వాండా ఉంది, వాండా టెసెలాటా. సామర్లకోటలో తోట నడిపిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల్లో ఒకటిగా దీన్ని లోకానికి చెప్పాడు. మన ఊళ్లలో మామిడి, చింత, ఇప్ప చెట్ల మీద కనిపిస్తుంది. పచ్చ కలిసిన గోధుమరంగు గళ్ల రెక్కలు, నీలి ఊదా పెదవి, మంచి వాసన. నలభై డిగ్రీల ఎండ ఓర్చుకుంటుంది. బుట్ట, బొగ్గు, నీళ్లు, ఎరువు అన్నీ పైన చెప్పినట్టే. మామిడి చెట్టుకు కట్టాలంటే జూన్‌లో, తూర్పు వైపు కొమ్మకు, కొబ్బరి తాడుతో కట్టి, వేళ్లు పట్టేదాకా రోజూ తడపండి. జామ, యూకలిప్టస్ వద్దు, బెరడు ఊడిపోతూ మొక్కను కింద పడేస్తాయి. దీన్నైనా అడవి నుంచి దింపకండి, నర్సరీ మొక్కే కొనండి.